లేని ఎనిమిది ఇంజన్లు

మా ఊరు మైదుకూరుకూ బనగానపల్లెకూ నడుమ ఎక్కడో ఉంది. పేరు చెప్పను. చెబితే మా ఊరివాళ్లు ఆ తొమ్మిది గొడవ మళ్లీ ఎత్తుకుంటారు. రోజూ ఆ బజారులో తిరగాల్సింది నేను.

నేను బోర్డులు రాసేవాణ్ణి. మా దగ్గర ఆర్టిస్టు అంటారు, బొమ్మ వేసినా వేయకపోయినా. ముప్పై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల కిరాణా అంగళ్లు, ఎరువుల అంగళ్లు, చర్చి గోడలు, లారీల వెనక తలుపులు అన్నీ నేను రాసినవే. ఫ్లెక్సులు వచ్చాక సగం పని పోయింది. మిగిలిన సగంలో కూడా ఎక్కువ భాగం గోడల మీద హెచ్చరికలు. బస్టాండు గోడ మీద "ఇచ్చట మూత్రము పోయరాదు" అని నేను రాసిన అక్షరాలు ఎంత అందంగా ఉంటాయంటే, జనం సరిగ్గా అక్కడే నిలబడి, ఆ మాట చివరిదాకా చదువుకుంటూ, పని కానిచ్చుకుని పోతారు.

నాకొక జబ్బుంది. అక్షరం బాగాలేని చోట అన్నం దిగదు. ఒకసారి బంధువుల పెళ్లిలో ద్వారం దగ్గర ఫ్లెక్సు మీద "వివాహ" అనే మాటకు ఒక వ బొద్దుగా, ఇంకో వ బక్కగా ఉన్నాయని తినకుండానే వచ్చేశాను. "పెండ్లికొచ్చినావా, బోర్డు సూడనొచ్చినావా?" అని నా భార్య బస్సులో అందరూ వినేలా అడిగింది. తప్పు పట్టడంలో నాకంత సుఖం ఉంది. ఈ సంగతి ముందే ఒప్పుకుంటే మంచిదని చెబుతున్నాను.

ఇక ఇంజను. మా ఊరి కాలువ ఆఫీసు వెనక షెడ్డులో ఒక బుల్లి ఆవిరి ఇంజను ఉండేది. ఎప్పుడో కొండ దగ్గర ఆనకట్ట పని జరిగినప్పుడు రెండున్నర అడుగుల సన్న పట్టాల మీద రాళ్ల బండ్లను లాగిందట. పని అయ్యాక పట్టాలు పీకేశారు. ఇంజనును ఏం చేయాలో ఎవరికీ తోచక షెడ్డులో పెట్టారు. దాని పొగగొట్టంలో పిచ్చుకలు, బొగ్గు పెట్టెలో వాచ్‌మన్ చెప్పులు ఉండేవి. మామూలు రైలింజను పక్కన నిలబెడితే దాని మనవరాలంత ఉంటుంది.

రెండేళ్ల కిందట ఆ ఆఫీసుకు కొత్తగా ఒక ఏఈ మేడం వచ్చారు. గోదావరి వైపు అమ్మాయి. ఆఫీసు ముందర దిమ్మె కట్టించి, ఇంజనును దాని మీద నిలబెట్టి, పాతరోజుల్లో ఎలా ఉండేదో అలాగే రంగులు వేయించాలని ఆమె పట్టుదల. నన్ను పిలిపించారు.

"అక్షరాలు కూడా అప్పటివే కావాలండి. ఉన్నది ఉన్నట్టు దించాలి. మీ వల్ల కాకపోతే మొహమాటపడకండి, స్టిక్కర్ కొట్టించేస్తాం."

స్టిక్కర్! ఆ మాట వినగానే నా చెవులు వేడెక్కాయి. "మేడం, నా చెయ్యి పడిపోయినప్పుడు స్టిక్కర్ కొట్టించుకోండి" అన్నాను. ఆమె భయపడి మంచినీళ్లు ఇప్పించారు.

పని మొదలైంది. ఇంజనుకు రెండు పక్కలా నీళ్ల తొట్లు ఉంటాయి, పేరు రాసేది వాటి మీదే. దాని మీద ఎన్ని పూతలు ఉన్నాయో లెక్క లేదు. వాటర్ పేపర్ అనే గరుకు కాగితం తడిపి, చేత్తో మెల్లగా రుద్దుతూ పోవాలి. గట్టిగా రుద్దితే పాత అక్షరం కూడా లేచిపోతుంది. మొదట పచ్చ వచ్చింది. దాని కింద నలుపు. ఆ నలుపు పలచబడే చోట, నాలుగో రోజున, పసుపు చారలు కనబడ్డాయి. వంగి ఊదితే ఒక తలకట్టు. ఇంకాస్త రుద్దితే క.

ఏం క అది! పొట్ట దగ్గర నిండుగా, తోక దగ్గర సన్నగా, తలకట్టు విసురుగా. ఎడమ పక్కన కింద ఎర్రని నీడ. ఆ నీడ కూడా అంతా ఒకే మందం కాదు, మలుపు దగ్గర సన్నబడుతూ పోతుంది. ఆ చెయ్యి ఎవరిదో ఎవరికీ తెలియదు. నాకంటే మంచి చెయ్యి అని నాకు ఆ నాలుగో రోజే తెలిసిపోయింది. అందుకే లోపల మండింది.

కాబట్టి ఆరో రోజున తప్పు దొరికేసరికి నాకు పండగైంది. మొత్తం మాట బయటపడింది. తొట్టి మీద ఇలా ఉంది: కనూ౯లు.

నేను రెండడుగులు వెనక్కి వేసి చూశాను. ర లేదు! కర్నూలు అని రాయడానికి ర మరిచిపోయాడు ఆ మహానుభావుడు. అది చాలదన్నట్టు మాట మధ్యలో తొమ్మిది అంకె ఇరికించాడు. అది తొమ్మిదని మా ఊళ్లో ఇంకెవరికీ తెలిసేది కాదు. నాకు తెలుసు. ఎందుకంటే ఒకప్పుడు బడి గోడ మీద తెలుగు అంకెలన్నీ సున్న నుంచి తొమ్మిది దాకా నేనే రాశాను. కొంకి తిరిగి ఉండే ఆ ౯ నా చేతికి బాగా అలవాటు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అవడం ఎంత ప్రమాదమో అప్పుడు తోచలేదు.

"మేడం, రాసినోడికి చెయ్యి ఉంది కానీ చదువు లేదు. కర్నూలు, తొమ్మిదో నెంబరు అని రాయబోయి, ర మింగేసి, నెంబరు మధ్యలో పెట్టేసినాడు. నేను దిద్ది రాస్తాను" అన్నాను.

ఆమె కాస్త తటపటాయించారు. "ఉన్నది ఉన్నట్టు అనుకున్నాం కదండీ..."

"తప్పు ఉన్నట్టు రాస్తే మన పరువు ఉన్నట్టుండదు మేడం."

ఆ మాటకు నేనే మురిసిపోయాను. పాత అక్షరాలను ట్రేసింగ్ కాగితం మీదకు ఎత్తుకున్నాను. గీతల వెంబడి సూదితో చిల్లులు పొడిచి, సున్నపు పొడి మూటతో అద్దితే తొట్టి మీద చుక్కలు పడతాయి, ఆ చుక్కల మీద రాయడమే. ర మాత్రం పాతది దొరకదు కాబట్టి నా సొంతంగా తయారుచేశాను. కర్నూలు అని రాసి, దాని పక్కన గుండ్రని చట్రంలో తొమ్మిది పెట్టాను. అందరికీ అర్థం కావాలని ఇంగ్లీషు 9. దానికి మూడు రంగుల నీడ. అంత మంచి తొమ్మిది మా జిల్లాలో ఇంకోటి లేదు. అక్కడితో ఆగానా? టీ అంగట్లో కూర్చుని, ర రాయడం రాని ఆ పాత ఆర్టిస్టు సంగతి వచ్చినవాళ్లకూ పోయినవాళ్లకూ చెప్పి నవ్వించాను.

నవ్వినవాళ్లలో ఒక విలేఖరి ఉన్నాడు. అతను నవ్వుతూనే అడిగాడు: "ఇది తొమ్మిదోది అయితే, మిగతా ఎనిమిది యాడికి పాయె అన్నా?"

నేను కప్పు కింద పెట్టి, పెద్దమనిషిలా గడ్డం గోక్కుని, "అదే కదా ప్రశ్న" అన్నాను. ఆ మూడు మాటలు నా నోట్లోంచి రాకుండా ఉండాల్సింది.

రెండు రోజులకు పేపర్లో జిల్లా పేజీలో నా తొమ్మిది ఫొటో వచ్చింది. పైన "ఎనిమిది ఇంజన్లు ఎక్కడ?" అని పెద్ద అక్షరాలు. ఆ రోజు నుంచి మా ఊరికి పట్టిన పిచ్చి ఇంతా అంతా కాదు. ఒకాయన వాళ్ల తాత నాలుగో నెంబరు తోలేవాడన్నాడు. ఆ తాత బతికి ఉన్నంతకాలం మేకలు తోలడం నేను చూశాను. ఇంకొకాయన తన చేను బావిలో ఆరో నెంబరు పడి ఉందనీ, ఎండాకాలంలో నీళ్లు తగ్గితే పొగగొట్టం కనబడుతుందనీ చెప్పాడు. మోటారు పైపు అది. ఏడో నెంబరు అహోబిలం అడవిలో ఉందని, పోయి చూసినవాళ్లు తిరిగి రాలేదని వాచ్‌మన్ వచ్చినవాళ్లకల్లా చెప్పడం మొదలుపెట్టాడు. నాకు ఇదంతా తెగ నచ్చింది. నేను రాసిన అంకె ఒకటి ఊరును ఇంత ఆడిస్తుందని గర్వపడ్డాను.

ఆ ఆట భాయ్ దగ్గరికి వచ్చి ఆగింది.

భాయ్ అంటే నేను బోర్డులు రాసుకునే షెడ్డు పక్కన పాత ఇనుము అంగడి నడిపే ముసలాయన. డెబ్బై దాటాయి. నా రంగు డబ్బాల మూతలు ఊడదీసేది ఆయన ఉలితోనే. ఆయన నాయన ఆనకట్ట పని ముగిసిన కాలంలో తోపుడుబండి మీద తిరిగి అక్కడి విరిగిన ఇనుము కొని, ఆ అంగడి పెట్టాడు. "మా నాయన తక్కెడకు దొంగ బుద్ధి లేదు" అన్నది భాయ్ మాట్లాడితే చెప్పే మాట. ఎవరైనా బేరం చేస్తే ఆ ఒక్క మాటతో నోరు మూయించేవాడు.

టీ అంగట్లో ఎవరో అన్నారు: "ఎనిమిది ఇంజన్లు యాడికి పోతాయప్పా? భాయ్ వాళ్ల నాయన్నడగండి!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మొదటి రోజు భాయ్ కూడా నవ్వాడు. "ఇంజన్లు తినేంత కడుపు మా నాయనకు యాడిది? రాగిసంకటి అరగడమే కష్టం" అన్నాడు. రెండో రోజు ఎవరో పాత సైకిలు అమ్మడానికి వచ్చి, "ఇది చిన్నది భాయ్, మీకు ఆనదేమో" అన్నారు. మూడో రోజు ఫోన్లు పట్టుకుని ఇద్దరు కుర్రాళ్లు వచ్చి, ఎనిమిది ఇంజన్ల దొంగ అంగడి ఇదేనని వీడియో తీశారు. ఆ వీడియో ఎక్కడెక్కడికో పోయి, ఆదోనిలో ఉన్న ఆయన అక్క చూసింది. ఆమె ఫోన్ చేసి ఏడ్చిందట. "నాయన అట్టా చేసినాడారా? నిజం చెప్పు, నేను ఎవరితో అననులే" అని అడిగిందట. ఇది భాయ్ నాతో చెప్పలేదు. ఆయన భార్య నా భార్యతో చెప్పింది.

భాయ్ టీ అంగడికి రావడం మానేశాడు. తర్వాత షట్టరు కూడా తీయలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సులువుగా ఉండింది.

ఇంజను ప్రారంభోత్సవం రోజు పొద్దున నా భార్య మిద్దె మీద మంచం వేసి వడియాలు పెట్టింది. గుడ్డ చాలక, నేను పడేసిన ట్రేసింగ్ కాగితం పరిచింది. కాకుల కాపలాకు మా అమ్మను కూర్చోబెట్టింది. మా అమ్మకు ఎనభై మూడు. ఏది కనబడినా పైకి చదివే అలవాటు. మందు సీసా మీది మాటలు కూడా ప్రార్థనలా చదువుతుంది. నేను కొత్త చొక్కా వేసుకుని పైకి వెళ్లేసరికి వడియాల మధ్య వేలు పెట్టి, కూడబలుక్కోకుండా, తేలిగ్గా చదివింది.

"కర్నూలు."

"కర్నూలు యాడుందమ్మా? ర లేదు దాంట్లో."

"ఇదో ర. గిలక. నీకు కండ్లు పాయెనా?"

ఆమె వేలు నేను తొమ్మిదనుకున్న ఆ పాత కొంకి మీద ఉంది.

"అది తొమ్మిదమ్మా."

"తొమ్మిదంట! ఒరే, పాత అచ్చులో ర ముందు రాయరు. తర్వాతి అక్షరం రాసేసి, దాని పక్కన గిలక పెడతారు. సదివేటప్పుడు ముందు సదవల్ల. మా జేజి బైబిలంతా అట్లే ఉండాది. పో, తెచ్చి సూడు."

కిందికి పోయి పెట్టెలోంచి ఆ బైబిలు తీశాను. మా అమ్మకు నాయనమ్మైన ఆ జేజి కాలం నాటిది, అట్ట ఊడిపోయి గుడ్డలో చుట్టి ఉంటుంది. తెరిచిన పేజీలోనే ఉంది. మాగ౯ము. మార్గము! ఇంకో పుటలో కత౯. కర్త. పుట తిప్పితే చాలు, గిలకలు. ఎన్ని తొమ్మిదులో! చిన్నప్పుడు ఆదివారం ఆదివారం ఆ పుస్తకం ముందు కూర్చోబెట్టేవాళ్లు నన్ను. ఆ అక్షరాల వంపులు నేలమీద వేలితో దించుకుంటూ కూర్చునేవాణ్ణి కానీ, ఒక్క వాక్యం చదివిన పాపాన పోలేదు. జీవితమంతా నేను అక్షరాలు చూసినవాణ్ణే, చదివినవాణ్ణి కాను.

ఆ పాత ఆర్టిస్టు ర మింగలేదు. చక్కగా, తన కాలానికి తగినట్టు, కర్నూలు అనే రాశాడు. తొమ్మిదో నెంబరు లేదు. కాబట్టి ఎనిమిది ఇంజన్లూ లేవు. ఉన్నది ఒక్కటే ఇంజను, ఒక్కడే మూర్ఖుడు.

నిజం చెప్పాలంటే, నాకు మొదట వచ్చిన ఆలోచన పుస్తకాన్ని మళ్లీ గుడ్డలో చుట్టేద్దామని. అమ్మ చర్చి దాటి ఎక్కడికీ పోదు. ఇంకెవరికీ తెలియదు. ఇంకో గంటలో రిబ్బను కత్తిరిస్తారు, నాకు శాలువా కప్పుతారు. చొక్కా గుండీలు సర్దుకుంటున్నాను. నా భార్య మెట్ల దగ్గర నిలబడి ఉంది. అంతా వింది.

"భాయ్ అంగడి తెరవక పది దినాలాయ" అంది. అంతే అంది. వడియాల గిన్నె తీసుకుని కిందికి పోయింది.

బైబిలు సంకలో పెట్టుకుని ఆఫీసుకు పోయాను. అప్పటికే షామియానా నిండిపోయింది. కర్నూలు నుంచి వచ్చిన పెద్దాఫీసరు మైకు ముందున్నాడు. "ఈ తొమ్మిదవ ఇంజను మనకు దక్కింది. మిగిలిన ఎనిమిదింటి జాడ తీయడానికి త్వరలోనే ఒక కమిటీ..." అంటున్నాడు. జనం చప్పట్లు.

"లేవు సార్!" అని అరిచాను.

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఆఫీసరు ఆగాడు. "ఏవి లేవు?"

"ఇంజన్లు సార్. ఎనిమిది లేవు. అది తొమ్మిది కాదు."

"మరి ఏంటది?"

"ర సార్."

"ర ఏంటి?"

"తొమ్మిదే ర సార్. పాత కాలంలో ర తొమ్మిది మాదిరి ఉంటాది సార్. నాకు సదవను రాక తొమ్మిది అనుకున్నా. తప్పు నాది."

ఆఫీసరు ఏఈ మేడం వైపు చూశాడు. నేను తాగి వచ్చానని ఆయనకు నమ్మకం కలిగినట్టుంది. పైగా సంకలో బైబిలు. నేను వేదిక ఎక్కి, పుట తెరిచి, మేడంకు చూపించాను. ఆమె రెండు మాటలు చదివారు. మూడో మాట దగ్గర చేత్తో నోరు మూసుకున్నారు. మొదట ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వు.

కోపం వచ్చింది జనానికి. నేను తప్పు ఒప్పుకున్నందుకు మెచ్చుకుంటారని ఎక్కడో ఆశ ఉండింది నాకు. అదేం లేదు. ఊరికి ఎనిమిది ఇంజన్లు ఉండేవి, నేను ఒక్క మాటతో లాగేసుకున్నాను. నాలుగో నెంబరు మనవడు లేచి, "మా తాత తోలింది మల్ల ఏందప్పా?" అని గద్దించాడు. "మేకలు" అన్నాను. బావి ఆయన నన్ను కొట్టడానికి వచ్చాడు. విలేఖరి మాత్రం హుషారుగా రాసుకుంటున్నాడు. మర్నాడు పేపర్లో "తొమ్మిది కాదు, ర!" అని వచ్చింది. అందులో భాయ్ వాళ్ల నాయన ప్రస్తావన ఉండాలని నేను అతని మెడ మీద కూర్చుని రాయించాను. శాలువా ఎవరికి కప్పారో నాకు తెలియదు.

మర్నాటి నుంచి తొమ్మిది చెరిపే పని. ఆరిపోయిన ఎనామెల్ అంత తేలిగ్గా రాదు. నేను అంత ముద్దుగా వేసిన మూడు రంగుల నీడను నేనే రుద్ది రుద్ది తీశాను. నా ర కూడా తీసేశాను. వడియాల పిండి అంటిన ట్రేసింగ్ కాగితాన్ని దులిపి, మళ్లీ అద్ది, ఆ పాతాయన ఎలా రాశాడో అలా రాయడానికి కూర్చున్నాను. గిలక దగ్గరికి వచ్చేసరికి సన్న బ్రష్షు తీసుకున్నాను. చూడ్డానికి చిన్న కొంకి. కానీ ఆయన దాన్ని నూ పక్కన ఎంత ఒద్దికగా ఆనించాడో, ఎక్కడ నొక్కాడో, ఎక్కడ వదిలాడో, మూడుసార్లు చెరిపి రాస్తే గానీ నాకు పట్టుబడలేదు. ఆయన్ను చదువురానివాడని ఊరంతా చెప్పుకుని తిరిగాను నేను. పేరు కూడా తెలియదు, క్షమించమని అడగడానికి. బ్రష్షు కడుక్కుంటూ "తప్పయిందయ్యా" అని ఆ తొట్టితోనే అన్నాను. వాచ్‌మన్ విని, ఇంజనుతో మాట్లాడుతున్నానని ఊళ్లో చెప్పాడు. చెప్పనీ. ఇప్పటికే నన్ను తొమ్మిదాయన అంటున్నారు.

రంగు ఇంకా పచ్చిగా ఉండగా, సాయంకాలం నాలుగింటప్పుడు భాయ్ వచ్చాడు. ఆయనకు పేపరు ఎవరు చదివి చెప్పారో. ఉతికిన లుంగీ, టోపీ. నా వైపు చూడలేదు. నేను నిచ్చెన దిగి, "భాయ్, నా నోటి వల్ల..." అని మొదలుపెట్టాను. చెయ్యి ఎత్తి ఆపాడు. ఇంజను దగ్గరికి పోయి, మెడ ఎత్తి, అక్షరాలను ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు చూశాడు. ఆయనకు తెలుగు చదవడం రాదు. ఉర్దూ ఒక్కటే వచ్చు.

"ఏం రాసినావప్పా?"

"కర్నూలు అని, భాయ్."

"అంతేనా?"

"అంతే."

"మా నాయన గురించి ఏమీ లేదు కదా దాంట్లో?"

"ఏమీ లేదు భాయ్."

 తడిసిన కళ్లు ఆయన తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు.

"ఇంగోసారి సదువు" అన్నాడు.

ఒక్కో అక్షరం మీద వేలు చూపిస్తూ మళ్లీ చదివాను.